దొరసాని నాలుగో పాట

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతుల్లో ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. బొరుగుల గిన్నె నడుమ పెడతాను, నములుతూ వినండి. ఇది నేను పన్నెండేళ్ళు చేసిన ఉద్యోగంలో ఒక నాలుగైదు రోజుల సంగతి. మిగిలిన ఏళ్ళన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి గానీ, ఆ రోజులు మాత్రం ఇప్పటికీ విడివిడిగా ఉన్నాయి.

ఉద్యోగం అంటే నవ్వకండి. మన తమిళనాడు ధర్మపురిలో బస్టాండుకు ఎదురు వీధిలో మా అక్క మొగుడు, అంటే మా బావ, పాటలు రికార్డు చేసి ఇచ్చే అంగడి పెట్టాడు. ఎనభైల నడిమి మాట ఇది. ఇప్పుడు మీరు వేలితో తడితే పాట వస్తుంది. అప్పుడు పాట కావాలంటే ఒక కాసెట్టూ, చీటీ మీద పాటల పట్టికా తెచ్చి మాకు ఇవ్వాలి. కారిమంగళం సంతకు పోయేవాళ్ళు, ఏ. పళ్లిపట్టి నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళు అలా ఇచ్చి, రెండు రోజులాగి మళ్ళీ వచ్చి తీసుకుపోయేవాళ్ళు. ముందు బల్ల దగ్గర బావ. వెనక కిటికీ ఉన్న చిన్న గదిలో నేను. మా ఆయన లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు గనుక, ఇంట్లో గోడలతో మాట్లాడేకంటే ఇక్కడ రావే అని అక్క పిలిచింది. నాలుగు రోజులు చూద్దామని వచ్చి పన్నెండేళ్ళు ఉండిపోయాను.

నా చదువు అయిదో తరగతి, అదీ తమిళ బడిలో. తెలుగు అక్షరాలు ఇండూరులో మా తాత ఇసుకలో దిద్దించినవి. ఇంగ్లీషు రాదు. అందుకని రికార్డుల అట్టలను రంగులతో గుర్తు పెట్టుకునేదాన్ని. పాటను మాత్రం రెండుసార్లు వింటే చాలు, ఏది ఏ వరుసలో వస్తుంది, వయొలిన్ ఎక్కడ అందుకుంటుంది, ఏ రికార్డు గీత పడి ఎక్కడ ఎగురుతుంది, అన్నీ చెవిలో నిలిచిపోయేవి. “మా మరదలు మనిషి కాదప్పా, ఉండే రెండూ గాక మూడో మెషిను” అని బావ వచ్చినవాళ్ళకంతా చెప్పి నవ్వేవాడు. అన్ని గొంతులు ఎక్కించినదాన్ని, నా గొంతు మాత్రం ఒక్కసారీ ఎక్కించలేదు. మైకు పనిచేస్తుందో లేదో చూడాలన్నా వేలితో తట్టేదాన్ని తప్ప హలో అనేదాన్ని కాదు. సిగ్గు.

అట్లాంటి అంగడికి ఒకనాడు జీపులో ఒక దొరసాని వచ్చింది. స్వీడన్ దేశమట. ఆమె మొగుడు మన మెట్ట గుట్టల మీద చెట్లు పెంచే పనికి వచ్చిన ఇంజనీరు. ఆమెకు ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో, మొక్కజొన్న పీచులాంటి జుట్టు, మోకాళ్ళ దాకా దుమ్ము. జీపు డ్రైవరు కారిమంగళం పక్క మనిషి, ఇంట్లో తెలుగే. వాడు ఆమెకు నేర్పిన మొదటి మాట ‘అక్కా’. నన్ను అట్లాగే పిలిచేది. ఖాళీ కాసెట్ల కోసం వచ్చి, బల్ల మీద కూర్చుని, మా పాటలు వింటూ ఉండిపోయేది.

“మీ ఊర్లో ఏమి పని చేస్తా ఉండిందో అడుగు” అని ఒకరోజు డ్రైవరుతో అడిగించాను.

వాడు అడిగాడు. విన్నాడు. నోరు తెరుచుకుని నా వైపు తిరిగాడు. “పాటగత్తె అక్కా! దేశమంతా తెలిసిన పాటగత్తెనంట!”

“అంత పెద్దామె మన విరిగిన బల్ల మీద కూర్చోనుండాదా?” అన్నాడు బావ. “లేయ్, లేయ్, మంచి కుర్చీ ఎయ్యప్పా!”

ఆమె లేవలేదు. నవ్వి, కొంచెం కొంచెంగా తన కథ చెప్పింది. ఒక్కరోజు కాదు, వచ్చినప్పుడల్లా ఒక ముక్క. వాళ్ళ దేశంలో ఎండాకాలం రెండు మూడు నెలలేనట. ఆ నెలల్లో ప్రతి ఊరి తోటలోనూ చెక్కలతో వేదిక కట్టి పాటలు పెడితే, ఊరంతా వచ్చి ఆడుతుందట. పాడేవాళ్ళు వ్యానులో ఒక తోట నుంచి ఇంకో తోటకు పోతూ ఉంటారట, ఎండలు ముదిరే పంగుణి నెలలో మన తెరుక్కూత్తు వీధినాటకాలవాళ్ళు ఊరూరూ తిరిగినట్టు. ఈమె పదిహేనో ఏట ఆ వ్యాను ఎక్కింది. పంతొమ్మిదో ఏట మొదటి రికార్డు. అందులో ఒక పాట వారాల తరబడి రేడియోలో మోగింది, ఆడపిల్లలు ఈమెలాగా జుట్టు కత్తిరించుకున్నారు. 

“పేరు వచ్చింది గదా, మరి ఎందుకు విడిచినారు?” అన్నాను.

పేరు తెచ్చిన ఆ పాటే మెడకు చుట్టుకుందట. ఎన్ని కొత్తవి కట్టినా జనం అదే పాడమన్నారు. తర్వాత ఆ బాణీ పాతదైపోయింది. ఒక ఎండాకాలం, నిండు తోటలో, అదే పాట నడుమ గొంతు పూడుకుపోయింది. మరునాడు పత్రికల్లో వేసేశారు, ఈమె పని అయిపోయిందని. ఆ రోజు నుంచి మైకు చూస్తే చేతులు చల్లబడేవట. ఆరేళ్ళుగా నలుగురి ముందు నోరు తెరవలేదు. పెళ్ళి చేసుకుంది, మొగుడి వెంట ధర్మపురి వచ్చింది.

“పేరు పోతే పోనీ అక్కా, పాట పోయిందే” అన్నట్టు డ్రైవరు చెప్పాడు. ఆ మాట ఆమెదో వాడిదో నాకు తెలీదు.

నవరాత్రులు వచ్చే ఆ పురటాసి నెలలో ఆమెకు ఉత్తరం వచ్చింది. మొదట ఆమె చేత రికార్డు పాడించిన కంపెనీ పెద్దాయన రాశాడు. ‘ఈ ఏడాది చివర నేను పని మానుకుంటున్నాను. నా కుర్చీలోకి వచ్చేవాళ్ళు నిన్ను ఎరగరు. నీ దగ్గర పాటలుంటే ఇప్పుడే పంపు, నేనే వింటాను.’ మొగుడి తోటి ఇంజనీరు ఒకాయన ఆ వారమే మద్రాసు నుంచి విమానమెక్కుతున్నాడు. విజయదశమి మరునాడు పొద్దున అతని జీపు ధర్మపురి దాటిపోతుంది. కాసెట్టు అప్పటికి సిద్ధంగా ఉండాలి.

ఆయుధ పూజకు ముందు రోజు సాయంత్రం ఆమె కాసెట్టు తెచ్చింది. తన చిన్న టేపు పెట్టెలో గిటారు పట్టుకుని పాడిన నాలుగు పాటలు. ఇంకొకటి తీసి ఇవ్వమంది, ఒకటి పంపడానికి, ఒకటి దాచుకోవడానికి. మూడు పాటలు ఎప్పటివో. నాలుగోది మొన్న జ్వరంలో వచ్చిందట. ఒళ్ళు కాలుతుంటే మగతలో కూనిరాగం తీస్తూ ఉంటే, మొగుడు టేపు మీట నొక్కాడు. మాటలు కూడా లేవు. లేచాక ఒక్కసారి విన్నది, మంచిదని తెలిసింది, ఎక్కడ చెదిరిపోతుందోనని మళ్ళీ వినలేదు.

“రేపు మెషిన్లు తాకము, పూజ. ఎల్లుండి పొద్దున్నే మీదే మొదలుపెట్టి ఇస్తాను” అన్నాను.

ఆమె పోయాక, టేపు బాగుందో లేదో చూడడానికి మొత్తం వేసి విన్నాను. అది మా పనిలో వాడుక. నాలుగో పాట మాత్రం రెండోసారి వేసుకున్నాను, పనికోసం కాదు, ఆశకొద్దీ. దిగుడుబావిలో నుంచి నిండు కుండతో ఒక్కొక్క మెట్టూ ఎక్కివస్తున్నట్టు ఉంటుంది ఆ రాగం. ఇంకొక్క మెట్టు ఎక్కితే గట్టు అనుకునే చోట ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ దిగుతుంది. ఎందుకు దిగిందా అని మనసు పీకుతుంది.

ఇక నా తప్పు చెబుతాను.

ఆయుధ పూజనాడు మెషిన్లన్నీ తుడిచి, గంధం కుంకుమ పెట్టి, దేవుడి పటం ముందు ఒక కొత్త కాసెట్టు పెడతాం. విజయదశమి పొద్దున కర్పూరం వెలిగించి, కళ్ళు మూసుకుని దండం పెట్టి, ఆ కాసెట్టును కుడిచేత్తో ఎత్తి, వినాయకుడి పాటతో మొదలుపెట్టి ఒక పక్క నిండా ఎక్కించాలి. నడుమ ఆపకూడదు. ఏడాదంతా అంగడి అట్లాగే సాగుతుందని మా నమ్మకం. ఆ ఏడు నేనేం చేశానంటే, దొరసాని మీది ప్రేమకొద్దీ, ఆమె పాటకు కూడా దేవుడి దయ తగలాలని, ఆమె కాసెట్టును కూడా కొత్తదాని పక్కనే పెట్టాను. రెండూ మా అంగడివే, ఒకే రకం పెట్టెలు. గుర్తుకని ఆమె తన పెట్టె మూలన పెన్సిలుతో చిన్న పువ్వు గీసింది. నేను రెంటికీ ధారాళంగా గంధం బొట్టు పెట్టాను. బొట్టు ఆ పువ్వు మీద పడింది.

తెల్లారింది. బావ కర్పూరం తిప్పి, “ఎత్తవే, మంచి గడియ పోతా ఉండాది” అన్నాడు. కళ్ళు మూసుకున్నాను. కుడిచేత్తో ఎత్తాను. భక్తిగా, ఒక్క అక్షరం లోపం లేకుండా, ఒక పక్క నిండా వినాయకుడి పాటలూ నాదస్వరమూ ఎక్కించాను. అయ్యాక తడిగుడ్డతో పెట్టె మీది గంధం తుడిస్తే, కింద నుంచి పువ్వు బయటపడింది.

పెట్టె పట్టుకుని ఏడ్చేశాను. బావ వచ్చి చూశాడు. ఆయనకూ అర్థమైంది.

“ఏడవద్దు. మెషిను టేపును నమిలేసిందని చెప్తాము. దేశమంతా నమ్మే మాట.”

“మెషినుకు నోరు లేదు బావా. దాని మీద ఎట్లా వేసేది?”

“అయితే నా మీద వెయ్యి. బావ అంటే మోసేదానికే గదా ఉండేది?”

ఆ మాట ఆయన వేళాకోళంగా అన్నాడు గానీ, ఆయన నిజంగానే మోసేవాడు. అందుకే నేను వేయలేకపోయాను. అంతలో డ్రైవరు జీపు తెచ్చాడు, కాసెట్లు తీసుకుపోవడానికి. “కాసెట్లు కాదప్పా, నన్ను తీసుకుపో” అని, ఆ పువ్వు కాసెట్టు చేత పట్టుకుని ఎక్కి కూర్చున్నాను.

సేలం రోడ్డులో వాళ్ళు అద్దెకున్న ఇల్లు. వరండాలోకి ఎదురొచ్చి, నా ముఖం చూసి, ఆమె ఏమీ అడగకుండా లోపలికి పోయి ఒక చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్ళు తాగి, పూజ దగ్గర నుంచి పువ్వు దాకా అంతా చెప్పాను. ఎంతసేపు చెప్పానో. నేను ఆపాక డ్రైవరు ఇంగ్లీషులో రెండే రెండు ముక్కలు అన్నాడు.

“ఏమప్పా, నేను అంత చెప్తే నువ్వు అంతేనా చెప్పేది?”

“మెషిన్ ప్రాబ్లం అన్నాను అక్కా” అన్నాడు నేల చూస్తూ. “నీకెందుకు చెడ్డ పేరు?”

“అట్లా కాదు. నా చేత్తో నేనే తుడిచినానని చెప్పు. దేవుని ముందర పెట్టినానని కూడా చెప్పు.”

ఈసారి వాడు చాలాసేపు చెప్పాడు. ఆమె లేచి కాసెట్టు తన టేపు పెట్టెలో వేసింది. నాదస్వరం మోగింది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ ముక్క అయ్యేదాకా విన్నది. తర్వాత పెట్టె ఆపి గిటారు తీసుకుంది. మూడు పాటలు మళ్ళీ పాడగలదు. నాలుగోది మొదలుపెట్టింది. నాలుగు మెట్లు ఎక్కింది, ఆగిపోయింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ అక్కడే. మూడోసారి ఆ రాగం జారి వేరే ఏదో పాటలో, ఎవరిదో పాత పాటలో పడిపోయింది. గిటారు పక్కన పెట్టేసి రెండు చెవులూ మూసుకుంది.

“పోయిందంట అక్కా” అన్నాడు డ్రైవరు గుసగుసగా. “అది లేకుంటే ఆ మూడూ పంపేది లేదంటా ఉండాది. అవి పాత మనిషి పాటలంట. ఆ పెద్దాయనకు పాత మనిషిని చూపిస్తే ఏమి లాభం, వద్దంటుంది.”

నేను నేల చూస్తూ ఉన్నాను. నోరు ఎట్లా తెరుచుకుందో నాకు తెలీదు. ఆమె ఆగిన మెట్టు మీద నుంచి అందుకున్నాను. పైకి పోయి, గట్టుకు ఒక్క మెట్టు కింద ఆగి, వెనక్కి తిరిగి, దిగి, చివర దాకా. తల ఎత్తేసరికి ఆమె చెవుల మీది చేతులు తీసి, ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది. వేలు చూపించింది, ఇంకోసారి అని. దానికి డ్రైవరు అవసరం లేకపోయింది. మూడోసారికి ఆమె గిటారు కూడా నా వెంట నడిచింది. 

దిగే చోట ఒక సన్నని వణుకు వస్తుంటే ఆమె ఆపింది.

“ఆ వణుకు తనది కాదంట. నీదేనా అని అడుగుతా ఉండాది.”

నేను ఆలోచించాను. పిల్లలను జో కొట్టేటప్పుడు మా అమ్మ గొంతు అట్లా వణికేది. “తీసేస్తాను” అన్నాను.

“వద్దంట. ఉండనీమంటుంది.”

మరునాడు తెల్లవారగానే మా వెనక గదిలోనే రికార్డు చేయాలని అనుకున్నాం. జీపు దాటిపోయేలోగా అదొక్కటే దారి. కిటికీకి దుప్పటి కట్టాను. బావ అంగడి తలుపు సగం దించి వీధిలో కాపలా నిలబడ్డాడు. నేను టేపు మీట నొక్కాను. ఆమె మైకు ముందుకు వచ్చింది, చల్లబడిన చేతులు రుద్దుకుంది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఆరేళ్ళ భయం, ఊరికే పోతుందా? చివరికి డ్రైవరుతో ఏదో అంది.

“ముందు నువ్వు అనాలంట అక్కా. నువ్వు ముందు నడిస్తే వెనక వస్తుందంట.”

నాకు చచ్చేంత సిగ్గు. కానీ ఆ చేతులు చూశాక సిగ్గు చిన్నదైపోయింది. కొంగు బిగించి, మైకు వైపు చూడకుండా, గోడ వైపు తిరిగి రాగం తీశాను. సగంలో ఉండగా బయట నుంచి ఉప్పమ్మేవాడి అరుపు, “ఉప్పోయ్, ఉప్పూ...” వెంటనే బావ, “ఉష్!” వాడు, “ఏమప్పా, లోపల ఎవరికన్నా సీరియస్సా?” నాకు నవ్వు వచ్చింది గానీ రాగం విడవలేదు. చివరి మెట్టు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పక్కన ఇంకో గొంతు చేరింది. నేను తప్పుకున్నాను. ఆమె ఆగలేదు. ఆ నాలుగో పాటనే ముందు పాడి, ఊపిరి తిప్పుకోకుండా మిగతా మూడూ పాడేసింది. పాడి, మైకు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, నుదురు దానికి ఆనించి కాసేపు అట్లాగే నిలబడింది.

ఇంకొక కాసెట్టులోకి ఎక్కిస్తుంటే గమనించాను, మీట మొదటి నుంచీ నొక్కే ఉంది, నా కూనిరాగం కూడా పడింది. “అది తుడిచేసి ఇస్తాను” అని చెయ్యి చాచాను. ఆమె కాసెట్టు లాక్కుని, జడపిన్నుతో దాని వెనక చెవులు రెండూ విరిచేసింది. చెవులు విరిస్తే కాసెట్టు మీద మళ్ళీ ఎక్కించడానికి రాదు.

డ్రైవరు పడీ పడీ నవ్వాడు. “నువ్వు తుడిచింది చాలంట అక్కా!”

కాసెట్టు జీపెక్కింది, విమానమెక్కింది. చలికాలం పోయాక ఆ దంపతులు కూడా తమ దేశానికి వెళ్ళిపోయారు. పోయే ముందు ఆమె నన్ను కావలించుకుంటే, బస్టాండు బస్టాండంతా నిలబడి చూసింది.

మళ్ళీ ఆయుధ పూజ వచ్చింది. మెషిన్లు తుడుస్తుంటే డ్రైవరు ఒక పలచని అట్టపెట్టె తెచ్చాడు. లోపల రికార్డు. అట్ట మీద ఆమె ముఖం, వెనక మన బోడి గుట్టలు. పూజనాడు మెషిన్లు నడపరాదు గనుక, ఆ రోజంతా దాన్ని ముందు పెట్టుకుని ఊరికే చూశాం. ఈసారి దేవుడి ముందు పెట్టలేదులెండి. మర్నాడు పొద్దున, అక్క కూడా ఇంటి నుంచి వచ్చాక, ముల్లు ఆనించాం. ఒక పాట తర్వాత ఒకటి, గిటార్లు, డ్రమ్ములు, ఆమె గొంతు తేనెలా ఉంది. రెండో పక్క చివరి పాట వచ్చింది. గిటారు లేదు, డ్రమ్ము లేదు. ఎవరో ఆడమనిషి, దూరంగా, గోడ వైపు తిరిగినట్టు, ఒంటిగా కూనిరాగం తీస్తోంది.

“ఎవరే ఇది?” అన్నాడు బావ.

అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, మా అమ్మ గొంతు! మా అమ్మ మాదిరే వణుకుతా ఉండాది!” అని నా వైపు చూసి, “నువ్వే కదే!” అంది.

అంతలో రికార్డులో నుంచి, “ఉప్పోయ్, ఉప్పూ...” ఆ వెంటనే “ఉష్!”

బావ కుర్చీలో నుంచి ఎగిరి లేచాడు. “నేనే! అది నేనే! స్వీడన్ దేశమంతా నా ‘ఉష్’ వింటా ఉండాదా?”

అప్పుడు ఆమె గొంతు వచ్చి నా గొంతు పక్కన చేరింది. నేను ఇంక ఏమీ వినలేదు, కళ్ళు నిండిపోయాయి.

డ్రైవరు ఆమె ఉత్తరం చదివి చెప్పాడు. పెద్దాయన ఆ కాసెట్టు విని, మొదట్లో ఆ గొంతు ఎవరిదని అడిగి, దాన్ని తీయకుండా అట్లాగే ఉంచమన్నాడట. ఆయన కుర్చీ దిగే ముందు ఖాయం చేసిన ఆఖరి రికార్డు అదే. అది పంతొమ్మిదో ఏటి పాటలాగా దేశమంతా ఊగిపోయేంత పెద్దది కాలేదు. కానీ ఆమెను మళ్ళీ ఎండాకాలపు తోటలకు పిలిచారు. ఏడెనిమిదేళ్ళు పాడింది. పాత పాట అడిగితే నవ్వుతూ పాడి, ఆ తర్వాత ఇది పాడేదట. ఆఖరుకు పిల్లలకు పాట నేర్పే టీచరమ్మ అయిందని కార్డు వచ్చింది. ఆ కార్డు మూలన కూడా పెన్సిలు పువ్వు ఉంది.

పిల్లలూ, మీకు బుద్ధులు చెప్పేంత చదువు నాకు లేదు. ఒక్కటి చెబుతాను. దేవుడి ముందు పెట్టినా సరే, పేరు కనబడేటట్టు పెట్టండి, ఆయన పని ఆయనది, మన పని మనది. ఇంకొకటి, తప్పు చేసి ఎవరి గడప దగ్గరికైనా పోవలసి వస్తే, మెషిను మీద వేయకుండా పోండి. నా మీద వెయ్యి అన్న బావ, చెడ్డ పేరు రాకూడదని అబద్ధమాడిన డ్రైవరు, ఏమీ అడగక ముందే నీళ్ళిచ్చిన ఆ దొరసాని, వీళ్ళు ముగ్గురూ లేకుంటే నా గొంతు ఈ లోకంలో ఎక్కడా ఉండేది కాదు. 

సరే, బొరుగులు అయిపోయాయి, లేవండి. మీ ఇళ్ళలో కుండ ఎప్పుడూ నిండుగా ఉండాలి. జోలపాట పాడే గొంతు ప్రతి తరంలోనూ ఒకటి ఉండాలి. తప్పు చేసి మీ గడప తొక్కినవాళ్ళకు ముందు మంచినీళ్ళు అందేటంత చల్లగా మీ కుటుంబాలు వర్ధిల్లాలి.